స్టడీ అబ్రాడ్ సెంటర్ లో కోఆర్డినేటర్ గా చేరారా? ముందు డ్రైవర్ నంబర్ సేవ్ చేసుకోండి

మొన్న మా చుట్టాలమ్మాయి ఫోన్ చేసి "అక్కా, హైదరాబాద్ లో ఒక అమెరికా యూనివర్సిటీ వాళ్ళ సెంటర్ లో ప్రోగ్రాం కోఆర్డినేటర్ జాబ్ వచ్చింది, అసలు అక్కడ ఏం చెయ్యాలక్కా" అంది. ఆఫర్ లెటర్ లో ఏం రాశారే అంటే "స్టూడెంట్ సర్వీసెస్ అండ్ అదర్ డ్యూటీస్ యాజ్ అసైన్డ్" అని చదివింది. ఆ "అదర్ డ్యూటీస్" ఉంది చూశారూ, అదే అసలు ఉద్యోగం, మిగతాదంతా విజిటింగ్ కార్డ్ మీద వేసుకోడానికి. నేను ఇలాంటి సెంటర్ లో ఏడేళ్ళు చేశాను, ఎక్కడ అని అడక్కండి, ఇక్కడ నేను చెప్పుకునే పొరపాట్లలో సగం నావే కాబట్టి పేరు లేకపోతేనే హాయి. ఆ పిల్లకి గంటన్నర ఫోన్లో చెప్పిందే కాస్త కుదించి రాస్తున్నా, కొత్తగా చేరే వాళ్ళెవరికైనా పనికొస్తుంది.

మనవాళ్ళకి స్టడీ అబ్రాడ్ అనగానే అమీర్‌పేట కన్సల్టెన్సీ, జీఆర్ఈ, డల్లాస్ గుర్తొస్తాయి. ఇది దానికి రివర్స్. అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలు ఒక సెమిస్టరో రెండో ఇంకో దేశంలో చదివి, ఆ క్రెడిట్లు పట్టుకుని వెనక్కి పోతారు. 1923 లో డెలవేర్ యూనివర్సిటీ ఎనిమిది మంది కుర్రాళ్ళని ఓడెక్కించి ఫ్రాన్స్ పంపింది, ఈ పద్ధతి అక్కడ మొదలైందంటారు. మన వైపు కూడా కొత్తేం కాదు, విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళ కాలేజ్ ఇయర్ ఇన్ ఇండియా పిల్లలు వచ్చి తెలుగు నేర్చుకుని పోయారు, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ 1998 నుంచి స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రాం అని నడుపుతోంది, ఆ పిల్లలు ఉండడానికి టాగోర్ ఇంటర్నేషనల్ హౌస్ అని క్యాంపస్ లోనే హాస్టల్ ఉంది. బ్రోషర్లలో చార్మినార్ ముందు నవ్వుతున్న పిల్లలుంటారు, ఆ పిల్లలు అక్కడ నవ్వడానికి వెనకాల ఎంతమంది పరిగెత్తారో ఫోటోలో పడదు. ఆ పరిగెత్తే వాళ్ళలో ఇప్పుడు మీరొకరు.

ఎవరు ఎవరో ముందు తెలుసుకోండి

పైన రెసిడెంట్ డైరెక్టర్ ఉంటారు, ఎక్కువగా పీహెచ్‌డీ చేసిన మనిషి. అకడమిక్స్ చూసే ఒకరు, హోంస్టే (పిల్లల్ని ఇక్కడి కుటుంబాల ఇళ్ళల్లో ఉంచడం) చూసే ఒకరు, అకౌంటెంట్, తెలుగో హిందీయో నేర్పే టీచర్, ఆఫీస్ అసిస్టెంట్, వంటావిడ, డ్రైవర్. చిన్న సెంటర్ అయితే మొదటి మూడూ మీరే. సముద్రం అవతల హోం ఆఫీస్, అంటే ఆ అమెరికా యూనివర్సిటీ వాళ్ళ ఆఫీస్, ఉంటుంది, వాళ్ళని మీరు మొహం చూసేది ఏడాదికి ఒకసారి, ఈమెయిల్ మాత్రం రోజుకి ఇరవై.

చేరిన మొదటి వారం డైరెక్టర్ తో మీటింగులు ఎలాగూ ఉంటాయి, మీరు మాత్రం డ్రైవర్ తో టీ తాగండి. నేను సీరియస్ గానే చెప్తున్నా. మా డ్రైవరన్న ఒకరోజు బండి కడుగుతూ "మేడం, గా పొడుగు పిల్ల మూడు దినాల సంది పాటలు పెట్టమంటలేదు, ఎనక సీట్ల కూసుంటున్నది" అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు. ఆ అమ్మాయి మా వీక్లీ చెక్-ఇన్ ఫారం లో "ఆల్ గుడ్" అని టిక్ పెట్టింది. వెళ్ళి నెమ్మదిగా కూర్చుని మాట్లాడితే వారం నుంచి నిద్ర లేదు, అన్నం సయించట్లేదు, ఇంటి దగ్గర ఏదో జరిగింది, ఎవరికి చెప్పాలో తెలీక లోపలే పెట్టుకుంది. ఆ రాత్రే వాళ్ళ యూనివర్సిటీ కౌన్సెలర్ తో వీడియో కాల్ పెట్టించాం. డైరెక్టర్ కీ తెలీదు, నాకూ తెలీదు, అద్దంలో చూసిన వాడికి తెలిసింది. అందుకే డ్రైవర్, వంటావిడ, హోంస్టే ఆంటీ, ఈ ముగ్గురూ మీకు ఏ టైంలో అయినా ఫోన్ చేసేంత చనువు ఉండాలి, అది ఒక్కరోజులో రాదు, వాళ్ళ పిల్లల పరీక్షలెప్పుడో మీకు తెలిసుంటే వస్తుంది. వాళ్ళు చెప్పింది ఇంకొకరి దగ్గర అనకూడదు, అంటే రెండోసారి చెప్పరు.

కాగితాలు

ఇక్కడ తప్పు చేస్తే క్షమాపణలతో పోదు, కాబట్టి ఒక్కొక్కటీ.

విదేశీయులు ఎవరింట్లో దిగినా ఆ ఇంటి వాళ్ళు 24 గంటల్లో సి-ఫారం (మా దగ్గర ఫలానా విదేశీయులు దిగారని ప్రభుత్వానికి చెప్పే ఫారం) ఆన్‌లైన్ లో వెయ్యాలి, హోటలైనా హాస్టలైనా మామూలు ఇల్లైనా సరే. హోంస్టే ఆంటీకి ఆ పోర్టల్ సంగతి తెలీదు, కరెంట్ బిల్లు, ఆధార్ పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని మీరే వేయించాలి, అదీ పిల్లలు దిగకముందే ఆవిడ లాగిన్ రెడీగా పెట్టుకుని. దిగిన రోజున పాస్‌పోర్ట్ పేజీ, వీసా పేజీ, ఇమ్మిగ్రేషన్ స్టాంప్ పడిన పేజీ ఫోన్ తో ఫోటో తీసుకోండి, ఎయిర్‌పోర్ట్ బయట వ్యాన్ లోనే తీసుకోండి, ఇంటికెళ్ళాక జెట్ లాగ్ లో పడుకుంటే రెండ్రోజులు లేవరు. వీసా 180 రోజులు దాటి ఉంటే వచ్చిన 14 రోజుల్లోపు ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల పేర్లు నమోదు చేసుకునే ప్రభుత్వ ఆఫీస్) రిజిస్ట్రేషన్ చెయ్యాలి, 2018 నుంచి ఇది కూడా ఆన్‌లైన్ లోనే, ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ. వీసా మీద చిన్న అక్షరాల్లో ఏముందో ఒక్కొక్కళ్ళది విడిగా చదవాలి, ఒకే బ్యాచ్ లో ఇద్దరికి రెండు రకాలుగా వస్తాయి.

పాత 1946 నాటి ఫారినర్స్ యాక్ట్ స్థానంలో 2025 లో కొత్త చట్టం వచ్చింది, కాబట్టి మీకు ముందు చేసినావిడ వదిలి వెళ్ళిన చెక్‌లిస్ట్ ఉంటే దాన్ని దేవుడి పటంలా పెట్టుకోకండి, పోర్టల్ లో ఇప్పుడేం అడుగుతున్నారో ప్రతి సెమిస్టర్ కొత్తగా చూడండి. ఇంకోటి, పేరు. పాస్‌పోర్ట్ లో మిడిల్ నేమ్ ఉంటుంది, అడ్మిషన్ లెటర్ లో ఉండదు, యూనివర్సిటీ ఐడీ మీద ముద్దుపేరు ఉంటుంది. ప్రతి చోటా పాస్‌పోర్ట్ లో ఉన్నట్టే అక్షరం అక్షరం. ఈ ఒక్కటి పాటించినందుకు నాకు మిగిలిన సాయంత్రాలు లెక్కపెట్టలేను.

అమెరికన్ కాన్సులేట్ 2023 లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రాంగూడ కి మారింది, పిల్లలు రాకముందే స్టెప్ అని, వేరే దేశానికెళ్ళే వాళ్ళు పేరు నమోదు చేసుకునే వాళ్ళ ప్రభుత్వం ఎన్‌రోల్‌మెంట్ ఉంటుంది, అది చేసుకున్నారో లేదో అడిగి రాసుకోండి.

సిమ్ కార్డు, డబ్బులు ఈ రెండూ మొదటి మూడు రోజుల ఏడుపు. మనమంతా కొబ్బరి బొండానికి కూడా స్కాన్ చేస్తున్నాం, వాళ్ళకి ఇక్కడ బ్యాంక్ అకౌంట్ ఉండదు, ఏటీఎం నుంచి ఐదొందల నోట్లు వస్తాయి, ఆటో అతని దగ్గర చిల్లర ఉండదు. వెల్‌కం కిట్ లో మ్యాప్ కంటే ముందు ఇరవైలు, యాభైలు ఉన్న ఒక కవరు పెట్టండి, మీకు దండం పెడతారు.

హోంస్టే, పల్లీల కథ

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగం అంటే ఏంటో నాకు అర్థమైంది ఇక్కడే.

ఒక అబ్బాయి మెడికల్ ఫారం లో నట్ ఎలర్జీ అని ఉంది, పీనట్ అని కూడా స్పష్టంగా ఉంది. నేను ఆంటీకి ఫోన్ చేసి "ఆంటీ, బాబుకి నట్స్ పడవంట, జాగ్రత్త" అన్నా. ఆవిడ "అయ్యో దానిదేముందమ్మా, జీడిపప్పు బాదంపప్పు నేను అసలే వాడను, ఏ పాయసంలోనో తప్ప" అంది. నేనూ హమ్మయ్య అనుకుని ఆ గడిలో టిక్ పెట్టేశా. నాలుగో రోజు పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ. మన బుర్రలో పల్లీ నట్ కాదండీ, పల్లీ పల్లీయే, అది కూరగాయ దినుసు లెక్క. ఆంటీ తప్పేం లేదు, నేను మాట చెప్పానే గానీ విషయం చేరవెయ్యలేదు. అబ్బాయి ఒక ముద్ద తినగానే నాలుక తిమ్మిరెక్కి, వెంటనే తన దగ్గరున్న ఇంజెక్షన్ పెన్ తొడలో పొడుచుకున్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్తే సాయంత్రం దాకా ఉంచి పంపారు. ఆంటీ వారం రోజులు ఏడుస్తూనే ఉంది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఎలర్జీ సంగతి ఫోన్లో చెప్పడం మానేశా.

ఇప్పుడు పద్ధతి ఇది. వంటింట్లోకి వెళ్ళాలి. డబ్బాలన్నీ దించమనాలి. పోపు డబ్బా, పొడుల సీసాలు, నూనె ప్యాకెట్ వెనక రాసింది, ఫ్రిజ్ లో చట్నీ, పులిహోరలో వేసేవి, గుత్తి వంకాయ మసాలా, పిల్లలకి చిరుతిండిగా పెట్టే పల్లీ చిక్కీ, ఒక్కొక్కటీ మూత తీసి "ఇందులో ఉందా ఆంటీ" అని అడగాలి. ఉన్నవాటి మీద ఎర్ర టేప్. ఆ గరిటె ఇందులో పెట్టి అందులో పెట్టకూడదు అని కూడా చెప్పాలి. కుదరదు అనిపిస్తే మొహమాటపడకుండా ఆ పిల్లాడికి వేరే ఇల్లు చూడాలి, ఆంటీ ఎంత మంచిదైనా సరే. ఆ ఇంజెక్షన్ పెన్ లు మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకవు, కనీసం రెండు తెచ్చుకోమని బయల్దేరే ముందే రాయండి.

మిగతా హోంస్టే గొడవలు వీటి ముందు చిన్నవి, టకటకా చెప్పేస్తా. బాత్రూంలో గీజర్ స్విచ్ బయట ఉంటుందని చూపించండి. "చాలు" అనే మాట ఎలా అనాలో, చెయ్యి కంచానికి ఎలా అడ్డం పెట్టాలో మొదటి రోజే నేర్పండి, లేకపోతే నెయ్యి ఆగదు. రాత్రి లేటైతే ఆంటీకి మెసేజ్ పెట్టడం అనేది పర్మిషన్ అడగడం కాదు, ఆవిడ పడుకోకుండా కూర్చుంటుంది కాబట్టి చెప్పడం అని పిల్లలకి విడమరిచి చెప్పండి. ఆంటీకేమో వాళ్ళు తలుపేసుకుని గదిలో ఉంటే అలిగినట్టు కాదని చెప్పండి.

ఒంట్లో బాగోకపోతే

కడుపు అందరికీ ఒకసారి చెడుతుంది, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెల్‌కం కిట్ లోనే వేసెయ్యండి. వానాకాలంలో జ్వరమొస్తే రెండ్రోజులు చూద్దాంలే అనకండి, డెంగీ టెస్ట్ చేయించండి.

కుక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. వీళ్ళు కనపడ్డ ప్రతి వీధికుక్కనీ ముద్దు చేస్తారు. గోరు గీరుకున్నా, పన్ను దిగినా ముందు ధారగా నీళ్ళు వదిలి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి. ఇంట్లో తాతగారు కారం అద్దమంటారు, పసుపు పెట్టమంటారు, దండం పెట్టి వద్దనండి. అదే రోజు వ్యాక్సిన్ మొదలవ్వాలి, ఆ తర్వాత డోసుల తేదీలు మీ ఫోన్లో అలారం పెట్టుకోండి, మూడో డోసు రోజుకి పిల్ల హంపి ట్రిప్ లో ఉంటుంది, ఖాయం. రాకముందే రేబిస్ టీకా వేయించుకున్న వాళ్ళకి రెండు డోసులతో, ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ ని ఆపే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) లేకుండా అయిపోతుంది, అందుకని ఎవరు వేయించుకున్నారో లిస్ట్ చేతిలో ఉండాలి.

ఇంకో మాట, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) కి అమెరికాలో ఇచ్చే ఆడరాల్ లాంటివి ఆంఫెటమిన్ మందులు, మన ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల) చట్టం లిస్టులో ఉన్నవి. మందు అయిపోతే అమ్మ కొరియర్ లో పంపిస్తానంటుంది, వద్దే వద్దని ముందే రాతపూర్వకంగా చెప్పండి, అక్కడి డాక్టర్ తో మాట్లాడి ఇక్కడ దొరికే దానికి మార్చుకోవాలా ఏంటి అన్నది బయల్దేరక ముందే తేలాలి.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

మన అలవాట్లకి పూర్తిగా ఎదురుండేది ఇదే. అమెరికాలో ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది, కాలేజీలో చేరాక మార్కులు, అటెండెన్స్ లాంటి రికార్డుల మీద హక్కు పిల్లలదే, తల్లిదండ్రులది కాదు. మీకు న్యూజెర్సీ నుంచి ఫోన్ వస్తుంది, మన తెలుగు నాన్నే, ఈమధ్య అక్కడ పుట్టిన మన పిల్లలు చాలామంది తాతయ్య భాష నేర్చుకుందామని వస్తున్నారు కదా. "అమ్మా, మనం మనం తెలుగువాళ్ళం, వాడు క్లాసులకి వెళ్తున్నాడా లేదా ఒక్క ముక్క చెప్పమ్మా, నీ పేరు బయటికి రానివ్వను" అంటాడు. నాకు మొదటిసారి గొంతు దాకా వచ్చింది, చెప్పేద్దామని. చెప్పకూడదు. నేను అనేది ఇది: "అంకుల్, మీరు కంగారు పడుతున్నారని వాడికి ఇప్పుడే చెప్తాను, ఈ రోజు రాత్రికి మీకు ఫోన్ చెయ్యమంటాను." అని, నిజంగా చెప్తాను. ప్రాణం మీదకొచ్చే విషయం అయితే మినహాయింపులున్నాయి, కానీ ఆ నిర్ణయం హోం క్యాంపస్ వాళ్ళు తీసుకుంటారు, మీరు డైరెక్టర్ కి చెప్పండి, డైరెక్టర్ అక్కడికి చెప్తారు.

దీనికి తిరగేసి ఇంకోటి. దొంగతనం, వేధింపు, దాడి లాంటిది పిల్లలు మీతో చెప్పుకుంటే "నాలోనే ఉంచుకుంటా" అని మాటివ్వకండి. క్లెరీ యాక్ట్ అని 1990 లో వచ్చిన వాళ్ళ చట్టం ప్రకారం కొన్ని రకాల నేరాలు యూనివర్సిటీ లెక్కలోకి ఎక్కాలి, మీకు చెప్పడం అంటే యూనివర్సిటీకి చెప్పినట్టు కావచ్చు. వినడానికి ముందే "నువ్వు చెప్పేది నేను పైకి చెప్పాల్సి రావచ్చు, అలా వద్దంటే కౌన్సెలర్ కి కలుపుతాను" అనెయ్యండి. బస్సులోనో బజార్లోనో ఎవడైనా వెంటపడితే 112, లేదా 2014 నుంచి ఉన్న షీ టీమ్స్. ఈ నంబర్లు కాగితం మీద రాసివ్వండి, ఫోన్ పోయినప్పుడే కదా అవి కావల్సొచ్చేది.

క్లాసులు, పరీక్షలు

అక్కడ మూడు క్రెడిట్లంటే ఇంచుమించు 45 గంటల క్లాసు జరగాలి. పిల్లలు చదివే ఇక్కడి యూనివర్సిటీలోనేమో మొదటి వారం క్లాసు మొదలవ్వదు, గణేష్ నిమజ్జనం, దసరా, ఎన్నికలు, ఎవరో పెద్దాయన పోయారని ఒకరోజు. ప్రతి కోర్సుకీ గంటలు లెక్కరాసే ఒక షీట్ మొదటి రోజు నుంచి పెట్టండి, చివర్లో కూర్చి రాస్తే కుదరదు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి పరీక్షల డేట్లు. మారతాయి. పిల్లలకి ఫ్లైట్ మారదు. అందుకని వీళ్ళ పరీక్ష ముందుగానే రాయించాలి, దానికి సెమిస్టర్ మొదట్లోనే హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర "మే బి పర్మిటెడ్" అని సంతకం పెట్టించిన లెటర్, దాని మీద ఇన్‌వర్డ్ నంబర్ (లెటర్ అందిందని ఆఫీస్ రిజిస్టర్ లో ఎక్కించి వేసే నంబర్), స్టాంప్, మీ దగ్గర ఫోటోకాపీ. ఇన్‌వర్డ్ నంబర్ లేని లెటర్ మీరు రాయనట్టే. ఆ తర్వాత ఎగ్జామ్ సెక్షన్ లో ఫైలు కదిలించే క్లర్క్ ఎవరో కనుక్కోండి. హెచ్ఓడీ గారికి దండం పెట్టండి, క్లర్క్ గారితో మాత్రం దోస్తీ చెయ్యండి, పని ఉన్నప్పుడే కనపడితే పని అవ్వదు.

హోం ఆఫీస్ తో

ఎండాకాలం గడియారంలో న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదిన్నర. వాళ్ళ పొద్దున పది మీటింగ్ మనకి రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో. వారానికి ఒక్కరోజే ఒప్పుకోండి, ఎప్పుడైనా సరే అన్నారంటే రోజూ పెడతారు. ఎమర్జెన్సీ ఫోన్ వంతులవారీగా ఉండాలి, ఒక్కరి దగ్గరే ఏడాదంతా ఉంటే మనిషి ఆరు నెలల్లో అరిగిపోతాడు, నేను అరిగిపోయాను కాబట్టి చెప్తున్నా.

మనకి కాదనడం రాదు. "చూద్దాం" అంటే అవ్వదని మనకి తెలుసు, వాళ్ళకి అది "చూస్తారట" అని వినపడుతుంది, రెండు వారాల తర్వాత "చూశారా?" అని ఈమెయిల్. అవ్వనిది అవ్వదని రాయండి, ఎందుకవ్వదో ఒక్క లైన్, బదులుగా ఏం చెయ్యగలరో ఇంకో లైన్. మొదట్లో చెయ్యి వణుకుతుంది.

బిల్లులు కూడా అంతే. కొబ్బరికాయలకి, ఆటోకి, బోనాల రోజు పూలకి బిల్లు ఇవ్వరు, అక్కడి అకౌంట్స్ వాళ్ళకేమో రసీదు లేకపోతే ఖర్చు అవ్వనట్టే. సెల్ఫ్ వోచర్ పుస్తకం ఒకటి బ్యాగ్ లో ఉండాలి, తేదీ, ఎందుకు, ఎంత, తీసుకున్న మనిషి సంతకం, 5000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంప్. అదే రోజు రాయండి, నెలాఖరుకి ఆ పూలు ఎవరికి కొన్నామో గుర్తుండదు.

పంపించే రోజు

శంషాబాద్ నుంచి వీళ్ళ ఫ్లైట్లు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే. ఆంటీ ఆవకాయ సీసా ఇస్తుంది, వద్దన్నా ఇస్తుంది, దాన్ని మూత చుట్టూ టేప్ వేసి రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ బ్యాగ్ లో పెట్టించండి, చేతి బ్యాగ్ లో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. ఇంట్లోనే తూకం వెయ్యండి. మెట్రో కార్డు, యూనివర్సిటీ ఐడీ, లైబ్రరీ నో-డ్యూ అన్నీ ముందురోజే అయిపోవాలి.

లోపలికి వెళ్ళగానే డ్రైవర్ ని ఇంటికి పొమ్మనకండి. ఇమ్మిగ్రేషన్ దాటానని మెసేజ్ వచ్చేదాకా పార్కింగ్ లోనే ఉండమనండి, పార్కింగ్ డబ్బులకి వోచర్ రాయండి. ఒకసారి రాత్రి పదకొండింటికి ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర ఒకమ్మాయి బ్యాగ్ అంతా నేల మీద కుమ్మరించింది, పాస్‌పోర్ట్ లేదు, తార్నాకలో హోంస్టే లో దిండు కింద పెట్టి మర్చిపోయింది. నేను అప్పుడే ఎయిర్‌లైన్ కౌంటర్ వాళ్ళని బతిమాలుకోవడం మొదలుపెట్టా. డ్రైవరన్నకి ఫోన్ చేస్తే అటు నుంచి తాపీగా "ఆంటీ నాకు చేసింది మేడం, అంకుల్ స్కూటర్ మీద తెస్తుండు, నేను సగం తొవ్వ ఎదురు పోతున్న. పిల్లను ఏడ్వొద్దని చెప్పు" అన్నాడు.